చాలు అంటే ఇంకా

టైలరుగారికి ముసలితనం ముంచుకొస్తున్న వేళ ఒక కొత్త భాష వచ్చింది. లోకం మొత్తం మీద ఆ భాష మాట్లాడేది ఆయన భార్య ఒక్కతే. అర్థం చేసుకునేది ఆయన ఒక్కడే. అందుకని మనిషికి కాస్త గర్వం కూడా పట్టింది. ఆ గర్వాన్ని చూసి నవ్వుకోవడం తేలికే గానీ, ఏడు నెలలుగా ఆ ఇంట్లో ఆయనకి మిగిలిన సంతోషం అదొక్కటే. నాకైతే నవ్వు రాదు.

ఏడు నెలల కిందట ఒక పొద్దున ఆవిడ పళ్ళు తోముకుంటూ స్నానాలగదిలో కూలిపోయింది. తలలో నరమేదో మూసుకుపోయిందన్నారు, ప్రాణానికి భయం లేదన్నారు. కుడి చెయ్యి చచ్చుబడింది. కుడి కాలు ఈడుస్తూ నడుస్తోంది. మాట మాత్రం పూర్తిగా పోలేదు, తారుమారైంది. గుడ్లు అనబోతే గుండీలు అని వస్తుంది. ఓవెను అనబోతే తలుపు అని వస్తుంది. తన నోట ఏం వచ్చిందో తన చెవికి ఒక్కోసారి తెలుస్తుంది, ఒక్కోసారి తెలియదు. తెలిసిన రోజున మొహం తిప్పేసుకుంటుంది. ముప్పై రెండేళ్ళు భర్తని "ఏమండీ" అని పిలిచిన మనిషి, ఇప్పుడు "అల్మారా" అని పిలుస్తోంది. ఆయన నొచ్చుకోలేదు. అల్మారా అనగానే ఊఁ అంటూ కుట్టుమిషను వదిలి లేచి వెళ్తాడు.

కొలతలు రాసుకునే పుస్తకం వెనక పేజీల్లో ఆయన ఆవిడ మాటలన్నీ ఎక్కించాడు. ఎడమ పక్కన ఆవిడ అన్నది, కుడి పక్కన దాని అర్థం. అందులో మొట్టమొదటి మాట "చాలు". ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన కొత్తలో సూపు పోస్తుంటే ఆవిడ చాలు అనేది. ఆయన గరిటె ఆపేసేవాడు. ఆవిడ గిన్నె ముందుకు తోసి, చాలు చాలు అంటూ కళ్ళనీళ్ళు పెట్టుకునేది. రెండు రోజులు పెళ్ళాన్ని అర్ధాకలితో పడుకోబెట్టాక గానీ మహానుభావుడికి విషయం బుర్రకెక్కలేదు. చాలు అంటే ఇంకా. ఆ రెండు రోజులకి తనని తాను ఎన్ని తిట్టుకున్నాడో లెక్కలేదు. ఆ తర్వాత ఆ మాట దగ్గర ఒక్కసారి కూడా పొరబడలేదు. దుప్పటి కప్పేటప్పుడు చాలు అంటే ఇంకో దుప్పటి తెస్తాడు, కాలు పట్టేటప్పుడు చాలు అంటే ఇంకాసేపు పడతాడు.

వారానికి రెండుసార్లు ఒకామె వచ్చి మాట నేర్పించేది. ఇద్దరూ ఆమెని మాటల డాక్టరమ్మ అనేవాళ్ళు, అంటే ఆయన అనేవాడు. పుస్తకం చూపిస్తే డాక్టరమ్మ మెచ్చుకుంది, కానీ పూర్తిగా మెచ్చుకోలేదు. గుమ్మం దాకా వెళ్ళి, ఆయన్ని పక్కకి పిలిచి, నెమ్మదిగా చెప్పింది.

"ఈ మధ్య ఆవిడ మాట్లాడటం తగ్గిస్తున్నారు, గమనించారా? పోయినవారం నాతో నాలుగే మాటలన్నారు. మాటలు తప్పుగా వచ్చినా పరవాలేదండీ, రావడం ముఖ్యం. ఎప్పుడో ఒకప్పుడు సరైన మాట సరైన చోట పడుతుంది. అప్పుడు మీరు ఆ మాట విని, అది చేసి చూపించాలి. తన మాట చెల్లుతుందని ఆవిడకి నమ్మకం కుదరాలి. ఆ నమ్మకం పోతే నోరు కట్టేసుకుంటారు. ఆ తర్వాత నా చేతిలో ఏమీ లేదు."

ఆయన తల ఊపాడు. ఇంత జాగ్రత్తగా వినే మొగుడు ఇంకెవరికున్నాడని లోపల అనుకున్నాడు కూడా.

అలాంటి రోజుల్లో కూతురి పుట్టినరోజు వచ్చింది. కూతురు ఊరికి ఆ చివర కాపురముంటోంది, ఆ సాయంత్రం ఐదింటికి వస్తానంది. బేకరీలో కేకు చెప్పేస్తానని టైలరు అన్నాడో లేదో, ఆవిడ లేచి నిలబడింది. ఎడంచేత్తో వంటింటి పై అరలో బోర్లించి ఉన్న తన గుండ్రటి కేకు రేకుల్ని చూపించి గబగబా మాట్లాడింది. గుండీలు అంది, తలుపు అంది, సబ్బు అంది, వాన అంది. అన్నీ తప్పులే. కానీ పన్నెండు మాటలు. వేళ్ళ మీద లెక్కపెట్టుకున్న టైలరు మళ్ళీ బేకరీ మాట ఎత్తలేదు, రేకులు కిందికి దించాడు.

ఆవిడ ఇరవై రెండేళ్ళు ఒక పెద్ద బేకరీ వెనక గదిలో పనిచేసింది. ఆవిడ క్రీముతో వేసే గులాబీలు చూసి అక్కడ అందరూ గులాబీ అక్క అనేవాళ్ళు. వరసలు వరసలుగా కట్టే ఫ్రెంచి కేకు అడిగితే ఆ పని ఇంకెవరికీ ఇచ్చేవాళ్ళు కాదు. కూతురికి ప్రతి పుట్టినరోజుకీ ఇంట్లో అదే కేకు. ఇప్పుడు మెదడులో పనంతా అలాగే ఉంది, చేసే చెయ్యి లేదు. చెయ్యి ఆయనది. మధ్యలో ఉన్నది ఆ పుస్తకం.

పొద్దున తొమ్మిదింటికి మొదలుపెట్టారు. ఆవిడ కుర్చీ వేసుకుని బల్ల పక్కన కూర్చుంది. టైలరు మెళ్ళో టేపు తీసి పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, ఆపరేషనుకి వచ్చిన డాక్టరులా నిలబడ్డాడు. గుండీలు ఆరు, అంది. ఆరు గుడ్లు కొట్టాడు. పంచదార పోశాడు. గిన్నెని వేడినీళ్ళ మీద పెట్టి కరెంటు బీటరుతో గిలక్కొట్టడం మొదలుపెట్టాడు. ఈ కేకులో పొంగించే పొడి వెయ్యరు. గుడ్లలోకి ఎక్కించిన గాలే కేకుని లేపాలి. ఐదు నిమిషాలకి నురగ తెల్లబడింది. ఆయన కంటికి అయిపోయినట్టే ఉంది.

"చాలు," అంది ఆవిడ.

ఆయన నవ్వుతూ ఇంకా తిప్పాడు. ఇంకో నాలుగు నిమిషాలకి మళ్ళీ చాలు అంది. ఇంకా తిప్పాడు. చివరికి బీటరు పైకెత్తితే నురగ రిబ్బను లాగా జారి, మడతలు మడతలుగా పైనే నిలిచింది. ఆవిడ తల ఊపింది. చూశావా, పుస్తకం లేకపోతే ఇవాళ కేకు బిళ్ళ అయ్యుండేది, అన్నాడు ఆయన. ఆవిడ పెదవులు కొంచెం విచ్చుకున్నాయి. ఆ మాత్రానికే ఆయనకి ఏనుగెక్కినంత సంబరం.

పిండి జల్లించి, నురగ అణగకుండా అడుగు నుంచి పైకి కలిపాడు. తలుపు, అంది. ఓవెన్లో పెట్టాడు. పదకొండింటికల్లా ఇల్లంతా వాసన. అది పాత రోజుల వాసన, ఆవిడ నుదుటికంటిన పిండిని ఆయన చొక్కా చేత్తో తుడిచిన రోజుల వాసన. ఆయన అటు తిరిగి ముక్కు తుడుచుకున్నాడు.

చల్లారాక అడ్డంగా మూడు పొరలుగా కొయ్యాలి. కత్తి తియ్యబోతే ఆవిడ వద్దన్నట్టు చెయ్యి ఊపి, ఆయన మిషను వైపు చూపించింది. ఆయనకి అర్థం కాలేదు. ఆవిడ బొటనవేలూ చూపుడువేలూ కలిపి గాలిలో లాగింది. అప్పుడు తెలిసింది, దారం. దారం చుట్టూ వేసి రెండు కొసలూ లాగితే పొర సాఫీగా తెగింది. ఆ పని ఆయనకి పుట్టుకతో వచ్చినట్టే ఉంది. ఒక్కో పొరకీ పాకం పూశాడు, బాదం కలిపిన వెన్న క్రీము పరిచాడు, అంచులు కలిసేలా మీద మీద పేర్చాడు. కాలరుకి లైనింగు సర్దినంత శ్రద్ధగా సర్దాడు. ఆవిడ ఎడంచేత్తో ఆయన మోచెయ్యి పట్టుకుని కొంచెం కుడికి తిప్పింది. ఇద్దరూ కలిసి ఒక పని చేసి ఏడు నెలలైంది.

ఇక మిగిలింది పైన తెల్లక్రీము, గులాబీలు.

టైలరు ఐసు మీద పెట్టిన గిన్నెలో చల్లటి క్రీము పోసి బీటరు పెట్టాడు. ఈ క్రీముతో ఒక చిక్కుంది. పల్చగా ఉన్నంతసేపూ పల్చగానే ఉంటుంది. తర్వాత ఉన్నట్టుండి చిక్కబడి గులాబీకి సరిపోయే స్థితికి వస్తుంది. ఆ స్థితి పది పదిహేను క్షణాలు. ఆపకపోతే విరిగి వెన్న పూసలవుతుంది. మళ్ళీ వెనక్కి తీసుకురావడం ఎవరి తరమూ కాదు. ఆ క్షణం ఆవిడకి నిద్రలో కూడా తెలుస్తుంది. ఆయనకి తెలియదు. అందుకే ఆవిడ మొహం వంకే చూస్తూ తిప్పుతున్నాడు.

ఆవిడ ముందుకి వంగింది. కళ్ళు గిన్నె మీద పెట్టింది.

"చాలు."

ఆయన ఊఁ అని తిప్పుతూనే ఉన్నాడు.

"చాలు. చాలు."

"అలాగేనోయ్, ఇంకా కావాలి, అంతేగా," అని ఆయన మీట ఇంకో గీత పైకి జరిపాడు. బీటరు హోరెత్తింది. ఆవిడ మొహంలో రంగు వచ్చింది. ఇన్నాళ్ళూ లేని వెలుగొచ్చింది. ఆ వెలుగు ఎందుకో ఆవిడకొక్కదానికే తెలుసు. ఆ మాట తప్పు కాదని, ఈసారి నోట వచ్చింది మనసులో ఉన్నదేనని, తన చెవికి స్పష్టంగా తెలిసింది. పని చేస్తున్న ముచ్చటేమో అనుకున్నాడు ఆయన. ఆవిడ ఎడంచెయ్యి చాపి ఆయన చొక్కా పట్టుకుంది. మెడ మీద నరాలు లేచాయి.

"ఏమండీ," అంది. "ఏమండీ, చాలు."

ఏడు నెలల తర్వాత ఆ పిలుపు విన్నాడు టైలరు. గిన్నెని మరిచిపోయాడు, కేకుని మరిచిపోయాడు. చేతిలో బీటరు తిరుగుతూనే ఉంది. ఆయన ఆవిడ వైపు తిరిగి, నవ్వూ ఏడుపూ కలిసిపోయి, "ఏమన్నావు? మళ్ళీ అను. ఒక్కసారి మళ్ళీ అనవే," అన్నాడు.

ఆవిడ అనలేదు. గిన్నెలోకి చూసింది. బీటరు చప్పుడు మారింది. అప్పుడు ఆయన కూడా చూశాడు. పసుపుపచ్చ పూసలు తెల్లటి నీళ్ళలో కొట్టుకుంటున్నాయి.

మీట ఆపాడు. వంటిల్లు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దంలో ఆవిడ అన్న మాటలు ఒక్కొక్కటే ఆయన తలలోకి తిరిగొచ్చాయి. ఏమండీ అన్నది నిజమైతే, దాని పక్కనున్న చాలు కూడా నిజమే. నాలుగుసార్లు చెప్పింది. సరైన మాట, సరైన చోట. నాలుగుసార్లూ ఆయన దాన్ని పుస్తకంలో ఉన్న అర్థంలోకి మార్చుకుని విన్నాడు. ఈ ప్రపంచంలో ఇంకెవరు ఆ బీటరు పట్టుకుని ఉన్నా, దారిన పోయే ఏ దానయ్య పట్టుకుని ఉన్నా, చాలు అనగానే ఆపేసేవాడు. ఆవిడ భాష తెలిసినవాడు కాబట్టి ఆయన ఆపలేదు.

"చాలంటే చాలనే అన్నావు కదూ," అన్నాడు. "నాదే తప్పు. బుద్ధి గడ్డి తింది. పరిగెత్తి వెళ్ళి ఇంకో డబ్బా క్రీము తెస్తాను. నువ్వు చెప్పు, ఈసారి నువ్వు చెప్పగానే ఆపేస్తాను. ఏదీ, ఒక్కసారి చాలు అను."

ఆవిడ ఆయన చొక్కా వదిలేసింది. పెదవులు కలిపి మూసుకుంది. కోపమైతే ఆయన భరించేవాడు, తిట్టలేని మనిషి కళ్ళతోనైనా తిట్టేది. ఆ కళ్ళలో కోపం లేదు. దుకాణం మూసి తాళం వేసి, తాళం సరిగా పడిందో లేదో లాగి చూసుకుంటున్న మనిషి మొహంలా ఉంది.

ఆయన పరిగెత్తాడు, ఇంకో డబ్బా తెచ్చాడు. బీటరు పెట్టి, ఆవిడ నోటి వంకే చూస్తూ తిప్పాడు. సరైన క్షణంలో ఆవిడ అరచెయ్యి ఎత్తింది. ఆయన ఆపాడు. క్రీము పట్టులా నిలిచింది. దేవుడా, అంత చక్కటి క్రీము చూసి ఏడ్చిన వాడు ఇంకొకడు ఉండడు. గులాబీలు ఆయన చేత్తో వంకర టింకరగా వచ్చాయి. ఏది ఎక్కడ పెట్టాలో ఆవిడ వేలితో చూపించింది. ఒక్కటీ తప్పు పోలేదు.

ఐదింటికి కూతురు వచ్చింది. కేకు చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది. తల్లి మెడ చుట్టూ చేతులు వేసి చాలాసేపు వదల్లేదు. కోసి, తిని, రుచి అణువంత కూడా మారలేదంది. తల్లికి ఇంకో ముక్క వెయ్యబోతే ఆవిడ అరచెయ్యి అడ్డం పెట్టింది.

"చూశావా నాన్నా, ఎంత చక్కగా చెప్తోందో. ఇలా అయితే నీ పుస్తకంతో పనే లేదు," అంది కూతురు సంతోషంగా.

ఆయన నవ్వబోయాడు. కూతురు వేలికంటిన క్రీము నాకుతూ, వచ్చినప్పుడల్లా అడిగే ప్రశ్నే అడిగింది.

"ఇవాళ అమ్మ ఏమైనా మాట్లాడిందా?"

టైలరు నోరు తెరిచాడు. మాట్లాడింది అంటే ఏం మాట్లాడింది అంటుంది. ఏమండీ అందమ్మా అంటే ఎగిరి గంతేస్తుంది. అప్పుడు నువ్వేం చేశావు నాన్నా అంటుంది. దానికి జవాబు చెప్పే ధైర్యం ఆయనకి లేదు. బల్లకి అవతల ఆవిడ తల ఎత్తి ఆయన్నే చూస్తోంది.

"లేదమ్మా," అన్నాడు.

కూతురు తల్లి వైపు తిరిగి, ఏం పరవాలేదులే అమ్మా, అంటూ భుజం నిమిరింది.

ఆవిడ భర్త మీద నుంచి చూపు తీసింది. అవును, ఏమీ మాట్లాడలేదు అన్నట్టు కూతురికి మెల్లగా తల ఊపింది.