నూనె తాగిన రుమాళ్ళు

ఆ ఎండాకాలం ఇండియన్ యూనియన్ నుంచి నిజాం రాజ్యంలోని మాకు నూలు రావడం ఆగిపోయింది. రామన్నపేట చుట్టుపక్కల సాలెవాళ్ళ మగ్గాలు ఒక్కొక్కటే నిలిచాయి. సరిహద్దు అవతల నందిగామలో ఒక సేటు మాత్రం, నూనె పట్టించిన నూలుతో నేసే తేలియా రుమాళ్ళు తెచ్చినవాళ్ళకు బదులుగా నూలు ఇస్తున్నాడని తెలిసింది. ఆయన ఆ రుమాళ్ళను ఓడల మీద అరబ్బు దేశాలకు పంపుతాడు కాబట్టి, మాకు నూలు ఇవ్వడానికి అక్కడి సర్కారు ఆయనకు పర్మిటు ఇచ్చింది. మా నాయిన సిద్దయ్య మగ్గం మీది చివరి రుమాళ్ళు కోసి మూట కట్టాడు. తోడుగా కూతుర్ని నేను వెళ్ళాను. ఆ నూలు దొరక్కపోతే మగ్గం గుంత పూడ్చి రాళ్ళు కొట్టే పనికి పోవాల్సిందే.

కోదాడ దాటాక కరోడ్‌గిరి నాకా వచ్చింది. నిజాం సర్కారు సుంకం వసూలు చేసే చోటు అది. ఆముదాలు, ఆముదం నూనె, వెండి, బంగారం పర్మిటు లేకుండా సరిహద్దు దాటకూడదని కొత్తగా హుకుం వచ్చింది. అక్కడి అధికారి అమీన్ మా మూట విప్పించి ఒక రుమాలు ముక్కుకు ఆనించాడు.

"గీ వాసనేంది?"

మా ముందున్నాయన ఇదే ప్రశ్నకు "పాత గుడ్డల వాసన సాబ్" అని దాటిపోయాడు. నాయిన అట్లా అనలేకపోయాడు. కొనేవాడు ముందు రుమాలు వాసన చూడడం, నేసినవాడు నూనె సంగతి చెప్పడం మావాళ్ళలో ఆనవాయితీ. ఎవరు వాసన చూసినా తన పనితనాన్ని అడుగుతున్నారనే ఆయన అనుకుంటాడు.

"ఆముదం సాబ్. కాయల బూడిద కలిపి, దినాం పిసికి ఎండవెట్టి తాగిస్తం. మా ఇంటి నూలు తాగినంత ఇంకెవ్వరి నూలు తాగది."

అమీన్ రుమాలు కింద పెట్టాడు. "గట్లయితే నూనె కిందనే లెక్క. పర్మిటు ఏది?"

వెనక బండి మీదున్న పోచయ్య నవ్వాడు. "గవి పిండి దీపం వెట్టుకుంటరా సాబ్, యూనియనోళ్ళు?"

"దీపానికి గాదు, విమానం ఇంజన్ల పోస్తరు. నీకేమెర్క?"

"అయితే సిద్దన్న గిది తలకు సుట్టుకుంటే లేస్తడు. జర పట్టుకోండ్రి."

నిలబడ్డవాళ్ళు నవ్వారు. అమీన్ నవ్వలేదు. "పోయిన నెల దూదిబస్తాల నూనె డబ్బాలు వెట్టి పంపిన్రు. గప్పుడు ఈడున్నాయన నౌకరి వోయింది. నల్లగొండకు వొయి పర్మిటు తెచ్చుకోండ్రి."

నల్లగొండకు వెళ్ళాలంటే రజాకార్లు తిరుగుతున్న దారిలోనే మళ్ళీ వెనక్కి పోవాలి. వచ్చేటప్పుడు ఆ దారి పక్కన కాలిపోయిన ఇళ్ళు చూశాం. నాయిన కదలకుండా నిలబడ్డాడు.

అమీన్ గొంతు తగ్గించాడు. "నూనె లేదని చెప్పు. ఉత్త రంగుగుడ్డ అని రాస్త. ముద్ర వేసి పో."

"ఉత్త రంగుగుడ్డ నేనెన్నడు నెయ్యలే సాబ్."

అమీన్ కలం పక్కన పెట్టబోయాడు. అప్పుడు నేను ముందుకు వచ్చాను.

"నూనె లేదు సాబ్. మా నాయినకు గొప్పలు జెప్పుడు అలవాటు. నూనె కొనే తాకతు మాకేడిది? ఉత్త రంగుగుడ్డలే."

ఈసారి పోచయ్య కూడా నవ్వలేదు. నాయిన నా వైపు చూడలేదు. అమీన్ చూపించిన చోట వేలిముద్ర వేసి, మూట తనే కట్టుకున్నాడు.

నందిగామలో సేటు ఒక రుమాలు ముక్కు దగ్గర పెట్టుకుని అడిగాడు. "నూనె పట్టించినవేనా?"

నాయిన నేల చూపులు చూశాడు. "పట్టించినవే" అన్నాను నేను.

"నేసినాయన చెప్పాలమ్మా. ఆయన మాట మీదే నేను ఓడెక్కిస్తాను."

"నాకా కాడ లేదని ముద్రేసిన" అన్నాడు నాయిన.

"అక్కడి సంగతి నాకెందుకు? నాకు చెప్పు."

"పట్టించినవే" అన్నాడు నాయిన. ఎవరి గుడ్డ గురించో అడిగితే చెప్పినట్టు ఉంది ఆ మాట. సేటు నూలు తూచి ఇచ్చాడు.

తిరుగుదారిలో తిడతాడని ఎదురుచూశాను.

"నువ్వు మాట్లాడకుంటే వట్టి చేతులతోని మర్లేటోళ్ళం" అన్నాడు.

"అవు నాయినా."

"మంచిగనే జేసినవ్ బిడ్డా అండాలూ."

ఆ నూలుకు నూనె పట్టించే రోజుల్లో ఇరుగుపొరుగు వచ్చి ఎంత తాగిందని అడిగేవాళ్ళు. నాయిన తల ఎత్తకుండా పిసుకుతూనే, "అండాలునడుగుండ్రి" అనేవాడు.