కింద పెట్టకూడని గిన్నె

మా తోసా తీరంలో ఉమెజో నాలుకకు సాటివచ్చే నాలుక లేదు. చుక్క సాకే, అదే మా బియ్యపు సారా, వేస్తే చాలు, అది ఏ కొండ నీళ్లతో చేశారో, ఏ మడి బియ్యమో, ఆ బియ్యం కడిగినవాడు పొద్దున పెళ్లాంతో పోట్లాడి వచ్చాడో లేదో కూడా చెప్పేసేవాడు.

అలాంటివాడికి, తన మడి బియ్యంతో చేసిన సాకే రుచి చూడటం గగనమైపోయింది.

కిందటేడు సాకే తయారుచేసే తమాయో ఆయన ఇంటికి వచ్చి, పాతకాలపు సాకే వరి వేయమని బతిమాలింది. భుజాల దాకా పెరిగే వరి అది. గాలి తోలితే పడుకుంటుంది. తుఫానుకు చేనంతా నేలకరిస్తే, ఉమెజో బురదలో వంగి పిడికెడు పిడికెడు లేపి కట్టాడు. ఈ వయసులో ఇక ఆ వరి జోలికి పోవద్దని భార్య హత్సునో తెగేసి చెప్పింది. ఆ సాకే రుచి చూశాక తేలుస్తానన్నాడు ఉమెజో. బాగుంటే మళ్లీ అదే వేస్తాడు, లేదంటే ఆ మడిలో అల్లం పెడతాడు. ఆ మాట వసంతంలో జరిగే విందులో తమాయోకి చెప్పాలి.

విందు నాటికి ఆ సాకే అంతా అమ్ముడుపోయి, ఒక్క సీసా మిగిలింది. దాన్ని తెచ్చి ఆయన ముందే పెట్టారు. అయితే ఏం లాభం? ఎవరి గిన్నెలో వాళ్లు పోసుకోవడం మా వైపు సిగ్గుమాలిన పని. నేను తాగి, గిన్నె నీకిచ్చి, నా సీసాలోంచి పోస్తాను. నువ్వు తాగి, అదే గిన్నె నాకిచ్చి, నీ సీసాలోంచి పోస్తావు. పైగా ఆయనకు దొరికింది పొడుగుముక్కు దయ్యం మొహంలా చేసిన గిన్నె. కింద పెడితే ఆ ముక్కు మీద ఒరిగి ఒలికిపోతుంది. అందుకే తాగేదాకా చేతిలోంచి దించడానికి లేదు.

మొదట పక్క మడి గెంపాచి వచ్చాడు. ఉమెజో తన సాకే పోశాడు. గెంపాచి కళ్లు మూసుకుని తాగి, పియర్ పండులా ఉందన్నాడు. తర్వాత గిన్నె తిరిగిచ్చి, తన సీసా ఎత్తాడు.

"నీది పక్కన పెట్టరా. ఇందులోదే పొయ్," అన్నాడు ఉమెజో.

"నీ సాకే నీకే పోసి చేతులు దులుపుకోమంటావా బాబాయ్? నా పరువేం కాను?"

తర్వాత వచ్చినవాడు వానకు తడిసిన రాయి వాసనన్నాడు. ఆ తర్వాతివాడు, మా అమ్మ కాచిన గంజిలా ఉందని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. వాళ్లందరినీ వరసగా తన్నాలనిపించింది ఉమెజోకి. ఆయన మర్యాద చేసినకొద్దీ సీసా తరిగిపోతోంది, కడుపులో మాత్రం ఊళ్లోవాళ్ల సాకేలన్నీ చేరుతున్నాయి.

ఇక ఆ నాలుక సంగతి. గెంపాచి కొంటెగా ఉత్త మంచినీళ్లు పోస్తే, ఉమెజో నోట్లో తిప్పి తిప్పి, ఉత్తరాది సరుకు, బియ్యం బాగా పట్టించారు అని తేల్చాడు. మొదట్లో నేను చెప్పుకున్న గొప్పంతా అంతే. ఇన్నేళ్లూ ఆయన సీసా మీద చీటీ చదివే రుచులు చెప్పేవాడు.

సీసాలో చివరి గిన్నెడు మిగిలింది. హత్సునో ఆయన అవస్థ చూడలేక వచ్చి, గెంపాచిని మోచేత్తో నెట్టి, సీసా అందుకుంది.

"ఏమయ్యా, పట్టు గిన్నె. ఎవడికైనా ఇచ్చావో, నీతో పాటు ఆ దయ్యాన్నీ వీధిలోకి గెంటుతాను."

పోసింది. ఉమెజో గిన్నె పెదవుల దాకా తెచ్చాడు. సరిగ్గా అప్పుడే తమాయో వచ్చి ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులూ చాప మీద ఆనించి వంగి దండం పెట్టింది.

ఎదుటి మనిషి అలా వంగితే, పుట్టి బుద్ధెరిగిన మావాడెవడైనా ఏం చేస్తాడు? ఉమెజో గిన్నె కింద పెట్టి, రెండు చేతులూ ఆనించి తనూ వంగాడు.

తల ఎత్తేసరికి దయ్యం ముక్కు మీద బోర్లా పడి ఉంది. ఏడాది కష్టం చాపలోకి ఇంకుతోంది. చేతికి అంటిన తడిని ఆయన గబగబా నాకాడు. ఉప్పగా ఉంది, కాల్చిన చేప ముక్కల వాసన వచ్చింది.

"మరి ఈ ఏడు కూడా వేస్తారా ఉమెజో గారూ?" అని తమాయో మెల్లగా అడిగింది.

"ఇంకా రుచే చూడలేదమ్మా," అన్నాడు ఉమెజో. "చూడాలంటే వెయ్యాలిగా. ఇంకేం చేస్తాను?"

పడిపోయిన వరి కట్టడానికి తను మాత్రం రానని హత్సునో అక్కడే అందరి ముందూ చెప్పేసింది.

ఇదంతా జరిగిందే. ఒక్కటి మాత్రం నేను కల్పించాను. పెద్దమనిషి కదా, కాస్త మర్యాదగా ఉంటుందని చేతిని నాకాడని రాశాను. ఆయన నాకింది చాపని.