సర్వే వచ్చేదాకా

దస్తావేజుల కట్టకు గులాబీరంగు నాడా బిగిస్తూ, ఫోనును భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, ఐరిస్ హాల్‌స్టెడ్ ఆ ఉదయం అదే మాట మూడోసారి చెప్పింది.

"కాదండీ. అప్పిచ్చే సొసైటీ వాళ్లు పంపిన మనిషి ఇల్లు చూసింది వాళ్ల డబ్బు కోసం, మీ కోసం కాదు. రేపు మీరు అప్పు ఎగ్గొడితే ఆ ఇల్లమ్మి రాబట్టుకోవచ్చా, అంతే ఆయనకు కావాల్సింది. కప్పు కారుతుందా, గోడ చెమ్మెక్కిందా అన్నది ఆయనకెందుకు? ఇల్లు గట్టిదా కాదా చూసే సర్వే మీరే వేరేగా చేయించుకోవాలి."

"మళ్లీ దానికో ఖర్చా?" అన్నాడు అవతలి మనిషి. పేరు టెరెన్స్, మొదటిసారి ఇల్లు కొంటున్నాడు.

"ఖర్చే. చేరాక తల పట్టుకుని కూర్చోవడం కంటే నయం కదా?"

టాడ్‌మోర్డెన్‌లో గ్రీవ్స్ లాయరుగారి ఆఫీసులో ముప్పై ఏడేళ్లుగా ఆవిడ చెబుతున్నది ఇదే. తాళాలు ఎప్పుడిస్తారు, అప్పు మంజూరైంది కదా ఇంకా ఆలస్యం దేనికి, అమ్మేవాళ్లు మాట మారిస్తే ఎలా. అడిగేవాళ్లు మారతారు తప్ప అడిగేవి మారవు. ఫోను ఇరికించి ఇరికించి ఆవిడ మెడ ఎడమవైపుకు ఒరిగిపోయింది. బస్సులో పక్కన కూర్చున్నవాళ్లు తమ మాటలు వింటోందనుకుని గొంతు తగ్గిస్తారు. పొట్టి మనిషి. మోచేతుల దగ్గర పలచబడ్డ నీలం స్వెటరు, దారాలు అంటుకున్న వేళ్లు. తల కాస్త వంచి అందరికీ ఓపిగ్గా జవాబు చెబుతుంది, సొంత సంగతి మాత్రం ఎవరితోనూ ఎత్తదు.

నాలుగు వేల ఇళ్లు ఆవిడ బల్లమీదుగా చేతులు మారాయి. తన పేరున మాత్రం ఒక్క ఇటుక లేదు. తల్లి ఉన్నన్నాళ్లూ మునిసిపాలిటీ వాళ్ల అద్దె ఇల్లు. ఆమె పోయాక ఊలు దుకాణం పైన రెండు గదులు. అక్కడ గోడకు మేకు కొట్టాలన్నా దుకాణం యజమానిని అడగాలి. పందొమ్మిదేళ్లుగా తల్లి ఫొటో కుర్చీకి చేరగిలబడే ఉంది.

ఈ శుక్రవారం బల్లమీదున్న కట్టల్లో ఒకటి ఆవిడదే. కాలువ వెనక వరసలో కింద రెండు, పైన రెండు గదుల రాతి ఇల్లు. అమ్మేది ఎనిడ్ క్రాబ్‌ట్రీ, ఎనభై నాలుగేళ్ల మనిషి, మోర్‌కమ్‌లో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతోంది. సంతకాలయ్యాయి, సొసైటీ అప్పుకు ఒప్పుకుంది. అరవై దాటినవాళ్లకు ఆ సొసైటీ కొత్తగా అప్పివ్వదు. ఐరిస్‌కు వచ్చే నెల తొమ్మిదో తారీఖుకు అరవై. ఇది దాటితే మరో ఇల్లు లేదని ఆవిడకు తెలుసు.

పదీ ఇరవైకి ఎనిడ్ తరఫు ఆఫీసు నుంచి గ్లెన్ ఫోను చేశాడు. ఇరవై ఏళ్ల ఫోను స్నేహం, మొహాలు చూసుకున్నది రెండుసార్లే.

"ఎనిడ్ గారు పొద్దున తొమ్మిదికే ఫోను చేశారు. 'ఆ పిల్లకి ఇచ్చేయండయ్యా, నాన్చకండి' అన్నారు. అరవై ఏళ్ల పిల్లవి నువ్వే! మార్చేసుకుందామా?"

మార్చుకోవడమంటే ఒప్పందాలు మార్చుకోవడం. రెండు ఆఫీసుల వాళ్లు ఫోనులో సరేనని గడియారం చూసి వేళ రాసుకోవాలి. ఆ నిమిషానికి ముందు బేరం, సంతకం, ఇచ్చిన మాట ఏవీ లెక్కలోకి రావు. ఆ నిమిషం దాటాక అమ్మే మనిషి చచ్చిపోయినా సరే, వారసులు ఇల్లు ఇచ్చి తీరాలి.

"నా సర్వే ఇంకా రాలేదు గ్లెన్. మధ్యాహ్నం ఫ్యాక్స్ చేస్తానన్నాడు. అది చూసి చేసుకుందాం."

"సొసైటీ వాళ్లు చూశారుగా?"

"నువ్వు కూడానా?"

ఫోను పెట్టేసి గ్లెన్ నవ్వుకునే ఉంటాడు. గ్రీవ్స్ మాత్రం తలుపు దగ్గర నిలబడి అంతా విన్నాడు. "కానిచ్చేయండి ఐరిస్. నూరేళ్లుగా నిలబడ్డ ఇల్లు, ఈ మధ్యాహ్నానికి కూలిపోతుందా?"

"ఊరందరికీ చెప్పి నేనే చేయకపోతే ఎలా సార్?" అందావిడ. పంతమో నియమమో, ఆ మనిషికి ఉన్న ఆస్తల్లా అదొక్కటే.

ఒకటీ నలభైకి ఫ్యాక్స్ మిషను పదహారు కాగితాలు కక్కింది. జున్ను బ్రెడ్డు పక్కన పెట్టి ఆవిడ ఒక్కో పంక్తీ చదివింది. వెనక గోడకు కాస్త చెమ్మ. పొగగూటి దగ్గర ఒక రేకు మార్చాలి. అంతే. ఇల్లు గట్టిది. ఆ మాట చదివినప్పుడు ఆవిడకు కళ్లు చెమర్చాయి. వెంటనే గ్లెన్‌కు ఫోను చేసింది. భోజనానికి వెళ్లాడన్నారు.

రెండున్నరకు అతనే చేశాడు.

"ఐరిస్... ఎనిడ్ గారు పోయారు. పక్కింటావిడ ఇప్పుడే చెప్పింది. పన్నెండు గంటలప్పుడట. కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే."

ఐరిస్ చేతిలోని సర్వే కాగితాలు బల్లమీద పెట్టింది.

"నా చేతిలో ఇంకేమీ లేదు, ఐరిస్. ఆవిడ సరేనన్న మాట ఆవిడతోనే పోయింది. ఇక కోర్టు నుంచి వారసుల కాగితం రావాలి. ఆరేడు నెలలు పడుతుంది."

"నాకు తెలుసు గ్లెన్."

ఆవిడకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? ఇలాంటి సంగతులు ఎందరికో తనే చెప్పింది, సానుభూతిగా, మెడ వంచి. కట్ట విప్పి, 'అమ్మకందారు మరణం, మార్పిడి జరగలేదు' అని పేజీ అడుగున రాసి, తేదీ వేసింది. పదీ ఇరవైకి సరేనని ఉంటే చాలు. ఎవర్ని తిట్టుకోవాలో తెలిస్తే కొంత నయంగా ఉండేదేమో. తిట్టుకోవడానికి తను తప్ప ఎవరూ దొరకలేదు.

మూడున్నరకు టెరెన్స్ మళ్లీ చేశాడు. "మా ఆవిడ ఆగలేనంటోందండీ. ఆ సర్వే వచ్చేదాకా ఆగాల్సిందేనంటారా?"

ఐరిస్ గోడ గడియారం వంక చాలాసేపు చూసింది.

"వింటున్నారా అండీ?"

"ఆగండి," అంది చివరికి. "ఆగడమే మంచిది." ఆ గొంతులో తేడా అతనికి తెలిసే అవకాశం లేదు.

ఆఫీసు మూసే వేళకు ఫోనులో ఎవరో ముసలి గొంతు. "నేను బెరిల్‌ని తల్లీ, ఎనిడ్ పక్కింటిదాన్ని. మొన్న ఆదివారం కర్టెన్లకి కొలతలు తీసుకెళ్లావట కదా? 'మేడమీది ముందు గది కిటికీ కొలవడం మర్చిపోయిందే ఆ పిల్ల, టేపు కూడా వదిలేసి వెళ్లింది, నేనే కొలిచి పెడతా' అని ఎనిడ్ పొద్దున మా ఇంటికొచ్చి మరీ చెప్పింది. ఆ కిటికీ దగ్గర కుర్చీలోనే పోయిందమ్మా. టేపు అక్కడే గట్టుమీదుంది. తాళాలు నా దగ్గరున్నాయి, రేపు ఆ టేపు తెచ్చివ్వనా?"

"వద్దండీ. ఏదీ కదపకండి. వారసుల కాగితం వచ్చేదాకా ఆ ఇంట్లోంచి పుల్ల కూడా బయటికి రాకూడదు."

"నీదే కదమ్మా అది?"

"నాదేనండీ. అయినా సరే."

ఐరిస్ దీపాలార్పి, మెడ ఒరిగిన మనిషి ఒరిగినట్టే, బస్సు కోసం వెళ్లిపోయింది. కాలువ వెనక వరసలో తాళం వేసిన ఇంట్లో, మేడమీద కిటికీ గట్టుమీద పసుపుపచ్చ గుడ్డటేపు పరిచినది పరిచినట్టే ఉంది, నలభై ఒకటో అంగుళం దగ్గర ఎనిడ్ గుచ్చిన గుండుసూదితో.