నేలమ్మ గుడ్డబూట్లు

తడి నేల మీద అడుగుల చప్పుడు.

చపక్... చపక్... అంటే రబ్బరు చెప్పు. సర్రుమంటే తోలు చెప్పు, అదీ అరిగిపోయిన తోలు. టిక్కు టిక్కుమంటే ఎత్తు మడమల చెప్పు. అవి వేసుకున్నవాళ్లు రోగిని చూడటానికి వచ్చినవాళ్లే కానీ రోగులు కారు.

తలెత్తకుండానే చెప్పగలదు ఆమె.

ఇరవయ్యారేళ్లుగా ఆ ఆసుపత్రి రెండో అంతస్తు నేల ఆమెది. కాగితాల మీద ఎవరిదైనా కానివ్వండి, ఆమెదే. అందుకే పెద్ద డాక్టరు దగ్గర్నుంచి మందుల బండి తోసే అతని దాకా అందరికీ ఆమె నేలమ్మ. కన్నవాళ్లు పెట్టిన పేరు హాజరు పట్టీలో ఉంది. అది అక్కడే ఉంటుంది, బయటికి రాదు.

సగం తుడవడం... సగం వదలడం.

అదీ ఆమె పద్ధతి. వరండా పొడవునా కంటికి కనబడని గీత ఒకటి గీసుకుంటుంది. కుడి సగం తుడుస్తుంది. అది ఆరేదాకా ఎడమ సగం ముట్టదు. నడిచేవాళ్లకు ఎప్పుడూ ఒక పొడి దారి ఉండాలి. ఇది ఆమెకెవరూ నేర్పలేదు. ఎందుకలా అని అడిగినవాళ్లూ లేరు.

ఆ నేల మీద పడింది ఒక్కడే. ఒక్కసారే.

ఎనిమిదేళ్ల కిందట. ఆపరేషనైన నాలుగో రోజు, ఇంటి నుంచి తెప్పించుకున్న నున్నటి తోలు చెప్పులు వేసుకుని, పొడి సగంలో నడుస్తూ — పొడి సగంలో! — పడ్డాడు ఒక పెద్దమనిషి. నేలమ్మ కళ్లారా చూసింది. ముందు చెప్పు జారింది, తర్వాత మనిషి జారాడు. పరుగెత్తుకొచ్చినవాళ్లు నేలను చూశారు. బకెట్టును చూశారు. ఆమెను చూశారు. "తడిగుడ్డ సరిగా పిండలేదు" అని ఒక కాగితం మీద రాసి, కింద ఆమె చేత సంతకం పెట్టించారు.

ఆ సంతకం ఆమెకు ఇవాళ్టికీ మింగుడు పడలేదు.

ఇప్పుడు ఆమె మోకాలికే ఆపరేషన్. అదే ఆసుపత్రి. అదే అంతస్తు. ఆపరేషనైన మర్నాడు పొద్దున్నే లేచి వరండా ఆ చివరి దాకా నడిచి రావాలన్నారు. నడవలేకపోతే చక్రాల కుర్చీ ఉందిలెమ్మన్నారు.

కుర్చీ!

తన నేల మీద తను కుర్చీలో ఊరేగడమా? పోనీ నడిచి... పడితే? తనే పడితే? ఎనిమిదేళ్ల నాటి ఆ కాగితం నిజమైపోదూ? ఆ ఆలోచనకే ఆమెకు ఒళ్లు మండింది. భయమూ వేసింది. కానీ భయం సంగతి ఎవరికీ చెప్పలేదు.

కాబట్టి చెప్పులు. అన్నిటికన్నా ముందు చెప్పులు.

కొడుకు బస్సు నడుపుతాడు. డ్యూటీ దిగి వస్తూ వస్తూ ఒక జత తెచ్చాడు. గులాబీ రంగు, ఒళ్లంతా బొచ్చు. "చాలా మెత్తగా ఉంటాయమ్మా" అన్నాడు.

"ఉంటాయి నాయనా. పడ్డాక పరుపు మీదే కదా ఉంటాను, అదీ మెత్తగానే ఉంటుంది."

వాటిని ఇంట్లో పిల్లి తీసుకుంది.

మర్నాడు కోడల్ని వెంటబెట్టుకుని చెప్పుల షాపుకు తనే బయల్దేరింది. మడమ పట్టనివి పక్కకు నెట్టింది. అడుగు నున్నగా ఉన్నవి పక్కకు నెట్టింది. మరీ దళసరివీ వద్దంది, కింద నేలుందో లేదో కాలికి తెలియాలి కదా. ఇక మిగిలినవి బూడిద రంగు గుడ్డబూట్లు. లేసులు లేవు. మడమను గట్టిగా పట్టుకుంటాయి. అడుగున లోతుగా గాట్లున్న రబ్బరు.

నేలమ్మ సంచిలోంచి నీళ్ల సీసా తీసింది. మూత తిప్పింది. షాపు నేల మీద కుమ్మరించింది.

"అయ్యయ్యో, ఏంటమ్మా ఇది!" షాపతను లబోదిబోమన్నాడు.

"తుడిచే వెళ్తాలే, గోల పెట్టకు."

బూట్లు తొడుక్కుని ఆ నీళ్లలో నిలబడింది. అటు ఊగింది, ఇటు ఊగింది. కాలు అంగుళం కదల్లేదు. మురిసిపోయింది. ఆ తర్వాత మాట తప్పకుండా గుడ్డ అడిగి తీసుకుని తుడిచింది... సగం, ఆపైన సగం.

"ఒక సైజు పెద్దవి తీసుకుందామా అత్తయ్యా? ఆపరేషనయ్యాక కాలు వాస్తుందట," అంది కోడలు మెల్లగా.

"ఇరవయ్యారేళ్లుగా ఊరందరి కాళ్లూ చూస్తున్నదాన్ని. నాకే చెప్తున్నావా?"

కోడలు ఆ జతనే డబ్బాలో పెట్టించింది. ఆమెది మొదట్నుంచీ అంతే. స్కూలు పిల్లల యూనిఫాంలు కుట్టే పని. పొద్దస్తమానం మిషన్ మాట్లాడుతుంది, ఆమె వింటుంది.

నిజం చెప్పాలంటే, నేలమ్మ అన్నేళ్లూ చూసింది కాళ్లను కాదు. చెప్పుల అడుగుల్ని.

ఆ సంగతి ఆపరేషనైన మర్నాడు తెలిసింది.

తెల్లారింది. కిటికీలోంచి ఎండ మంచం దాకా వచ్చింది. నడక నేర్పే అమ్మాయి వాకర్ పట్టుకుని వచ్చి నిలబడింది. కోడలు బూట్లు తీసి కాలి దగ్గర పెట్టింది. నేలమ్మ ఆపరేషన్ కాలు పెట్టబోయింది —

పట్టలేదు.

అది నిన్నటి కాలు కాదు. వేళ్లు ఉబ్బాయి, చీలమండ కనబడటం లేదు. తోసినా పట్టలేదు. పళ్లు బిగించి తోసినా పట్టలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. నొప్పి వల్లేనని అందరూ అనుకున్నారు.

"పోనీలెండి. ఇవాళ్టికి కుర్చీలో ఒక చుట్టు తిప్పుతాం," అంది నర్సు మంచిగానే. వట్టి కాళ్లతో వద్దని, సాక్సులతో అసలే వద్దని అంది. ఆ ముక్క నేలమ్మకు ఆమె చెప్పాలా!

వరండాలోంచి కుర్చీ చక్రాల చప్పుడు వినబడింది.

నేలమ్మ కోడలి వంక చూడలేకపోయింది. నేను ముందే చెప్పానుగా అంటుందేమోనని. అనొచ్చు. తనైతే అనేసేది.

కోడలు ఆ మాట అనలేదు. వంగి ఆ వాచిన కాలి మీద జాన పెట్టి కొలిచింది. సంచి తెరిచింది. కత్తెర. సూది. దారపు ఉండ. వెడల్పాటి ఎలాస్టిక్ ముక్క, అతుక్కునే పట్టీ ఒకటి. అన్నీ ఉన్నాయి. ఇంటి దగ్గరే సర్దుకుని వచ్చిందన్నమాట!

"కత్తిరించనా అత్తయ్యా?"

కొత్త బూట్లు. ఒక్క అడుగైనా నడవని బూట్లు. నేలమ్మ వాటి రబ్బరు గాట్లు ఒకసారి తడిమింది.

"అడుగు మాత్రం ముట్టుకోకు."

"అడుగు మీది అత్తయ్యా. పైది నాకొదిలేయండి."

కత్తెర గుడ్డలోకి దిగింది. కర్... కర్... కోడలి చేతులు తడబడలేదు. వేళ్ల పైనుంచి చీలమండ దాకా తెరిచింది, మధ్యలో ఎలాస్టిక్ పెట్టి కుట్టింది, పైన పట్టీ వేసింది. నర్సు రెండుసార్లు తొంగి చూసి వెళ్లింది. నడక అమ్మాయి గడియారం చూడటం మానేసి, ఆ చేతుల్నే చూస్తూ కూర్చుంది.

"ఎదిగే పిల్లల బట్టలకు లోపల మడతలో గుడ్డ వదులుతాం అత్తయ్యా," కుడుతూ కుడుతూ అంది కోడలు. "ఒళ్లు ఎప్పుడూ ఒక్కలా ఉండదు కదా."

పెళ్లై వచ్చిన తొమ్మిదేళ్లలో ఆమె తన పని గురించి మాట్లాడటం అదే మొదలు. నేలమ్మ ఎప్పుడైనా అడిగితే కదా.

ఈసారి కాలు పట్టింది. మడమ కూర్చుంది. పట్టీ బిగిసింది.

లేచింది.

నొప్పి తల దాకా కొట్టింది. వాకర్ పట్టుకుని నిలబడింది. ఒక అడుగు... ఇంకో అడుగు... కోడలి చెయ్యి ఆమె మోచేతి కిందే ఉంది, కానీ ఆనలేదు. గదుల గుమ్మాల్లో మనుషులు నిలబడి చూస్తున్నారు. నేలమ్మ వాళ్లను చూడలేదు. నేలను చూస్తోంది. తోటి పనామె ఒక సగం తుడిచి, ఒక సగం వదిలింది. బాగానే ఉంది. మూలలు మాత్రం సరిగా తుడవలేదు, ఆ సంగతి తర్వాత చెప్పాలి.

రబ్బరు నేలను పట్టింది. వదిలింది. మళ్లీ పట్టింది.

వరండా చివర పెద్ద డాక్టరు ఎదురయ్యాడు. మోకాలు చూశాడు. కిందికి, ఇంకా కిందికి చూశాడు. కళ్లజోడు సర్దుకుని మరీ వంగాడు.

"ఇవెక్కడ దొరికాయి నేలమ్మా? మా పేషెంట్లందరికీ ఇలాంటివే చెప్పాలి."

నేలమ్మ వాకర్ మీద నుంచి ఒక చెయ్యి తీసింది. నడక అమ్మాయి కంగారు పడింది. ఆ చేత్తో ఆమె కోడలి భుజం పట్టుకుని ముందుకు లాగింది.

"షాపులో దొరకవు డాక్టరుగారూ. అడుగు నేను చూసి కొన్నాను. పైన మా కోడలు కుట్టింది. ఏం కావాలన్నా దాన్నడగండి."

ఆమెకు గర్వంగా ఉంది. తన కాలు చూసుకుని కాదు. కోడలు తల వంచుకుంది, కానీ చెవుల దాకా నవ్వింది.

తిరిగి వెళ్లాలి. ఇంకా పదకొండు గదుల దూరం. ఈలోగా తోటి పనామె ఎడమ సగం కూడా తుడిచేసింది, కుడి సగం ఇంకా పూర్తిగా ఆరలేదు. ఎండ ఆ తడి మీద మెల్లగా పాకుతోంది.

"కాసేపు కూర్చుంటారా?" అని నర్సు కుర్చీ దగ్గరికి జరిపింది.

"వద్దు," అంది నేలమ్మ. "ఆరనీ. నిలబడతాం."