కప్పులు బోర్లించిన సాయంత్రం

"కప్ప తెచ్చుకోవాలట!" అంది మేస్త్రి భార్య, ఫోన్ పెట్టేసి.

సగం గడ్డం గీసుకున్న మేస్త్రి నురగ మొహంతోనే పరిగెత్తుకొచ్చాడు. "ఏం తెచ్చుకోవాలి?"

"కప్ప! సాయంత్రం సంఘంలో చేరడానికొచ్చేటప్పుడు ఎవరి కప్ప వాళ్ళే తెచ్చుకోవాలట. తాళాలాయన చెప్పాడు. వెనకాల ఆకురాయి గీకుడొకటి, చెవులు చిల్లులు పడ్డాయి. అయినా నాకు వినపడింది."

"తాళాలు బాగుచేసే ఆయన కదా, తాళంకప్పేమో బాబూ," అంది అత్తగారు వంటగదిలోంచి.

"ఆయన దగ్గర లేని తాళంకప్ప నా దగ్గరేముంటుంది అత్తయ్యా? ఇది గుండెధైర్యానికి పరీక్ష!"

"ఫోన్ చేసి అడిగితే పోలా?" అంది భార్య.

"అడిగితే జంకాననుకోరూ?"

"సోదర సంఘమో, సోది సంఘమో!" అని ఆవిడ మూతి తిప్పింది.

ఆవిడకేం, ఎన్నైనా అంటుంది. మేస్త్రి బాధ మేస్త్రిది. ఇళ్ళ పైకప్పులు బాగుచెయ్యడం ఆయన పని. ఈ ఊరొచ్చి మూడేళ్ళయినా ఎప్పుడూ ఎత్తునే బతుకు. కింద ఎవరికి బట్టతల మొదలైందో వాళ్ళ పెళ్ళాలకన్నా ముందు ఆయనకే తెలుసు. కానీ ఆ తలల్లో ఒక్కటీ పైకి లేచి, "దిగిరావయ్యా, కాసేపు కూర్చుందాం" అన్న పాపాన పోలేదు. అందరికీ పైన ఉండేవాడే గానీ, ఎవరి పక్కనా ఉండేవాడు కాదు.

సంఘం చేతిపనుల వాళ్ళంతా కలిసి పెట్టుకున్నది. రొట్టెలు కాల్చే పెద్దాయన చెయ్యి విరిగినప్పుడు మిగతావాళ్ళు వంతులేసుకుని పిండి పిసికారు. ఆ వారం రొట్టెలు పళ్ళూడేంత గట్టిగా ఉన్నా, వీధి వీధంతా నోరుమూసుకుని నమిలింది. ఎదురింటి కప్పు మీంచి అదంతా చూసిన మేస్త్రికి రొట్టె మీద కాదు, ఆ పిండిలో తనూ ఓ చెయ్యి వెయ్యాలని మనసు పడింది. "నీ పేరు నేను చెబుతాలే" అని తాళాలాయన మాటిచ్చిన దగ్గర్నుంచీ కాలు నేల మీద నిలవడం లేదు. కప్పులవాడికి అదేం కొత్త కాదనుకోండి.

అత్తగారు పెరటి కుళాయి దగ్గర జల్లెడ బోర్లించి ఓ కప్పను పట్టిచ్చింది. జన్మంతా చిల్లులు పూడ్చిన మేస్త్రి, దాని ఊపిరి కోసం డబ్బా మూతకి మొదటిసారి చిల్లులు పొడిచాడు.

సాయంత్రం డబ్బా చంకలో పెట్టుకుని మెట్లెక్కి, సంఘం గది తలుపు తోశాడు. పొడుగాటి బల్ల. చుట్టూ మనుషులు. ఒక్కడూ పలకడు. ప్రతివాడి ముందూ ఓ కప్పు, ప్రతి కప్పూ బోర్లా. మధ్యలో కెటిల్ ఒక్కటే పొగలు కక్కుతోంది.

మేస్త్రి మొహం వాడిపోయింది. టీ కొట్టులో ఇక వద్దనుకుంటే తనూ కప్పు బోర్లిస్తాడు. ఇంతమంది బోర్లించారంటే ఇంకేం చెప్పాలి? నువ్వు మాకొద్దని! తాళాలాయన వైపు చూస్తే ఆయన నోటికి తన కొట్లో తాళమే వేసినట్టుంది.

"మరేం ఫర్లేదండీ," అన్నాడు మేస్త్రి డబ్బా సర్దుకుని. "మీ కప్పులు కారితే మాత్రం కబురు పెట్టండి. మొహమాటపడకండి."

గబగబా మెట్లు దిగాడు. వెనక బెంచీలు దబదబా పడ్డాయి. తిరిగి చూస్తే సంఘం మొత్తం పరిగెత్తుకొస్తోంది! అరుపు లేదు, కేక లేదు, చేతులు మాత్రం గాలిమరల్లా తిరుగుతున్నాయి. తన్నడానికొచ్చేవాళ్ళయినా తిట్టుకుంటూ వస్తారు. ఈ మూగమందను చూసి మేస్త్రికి పైప్రాణాలు పైనే పోయాయి. ప్రాణాలు పైకిపోతే తనెందుకు కిందుండాలని, మలుపులో పొద్దున వదిలేసిన నిచ్చెనెక్కి కప్పు మీద కూర్చున్నాడు.

కింద రొప్పుతూ తలలన్నీ ఒక్కసారిగా పైకి లేచాయి. తాళాలాయన ఇక ఆగలేకపోయాడు.

"దిగిరావయ్యా బాబూ! కాసేపు కూర్చుందాం!"

మేస్త్రి చూరు దాకా పాక్కుంటూ వచ్చాడు. "ఏమన్నారూ? మళ్ళీ అనండి!"

"దిగిరమ్మంటుంటే!"

"కప్పులు లేవకముందే నోరు లేచింది, మన నియమమే బోర్లా పడింది!" అని పెద్దాయన తాళాలాయన మీద ఎగిరి, తనూ మాట్లాడేశానని నాలిక్కరుచుకున్నాడు. "ఇక దాచేదేముంది? ఒరే అబ్బాయ్, కొత్త సోదరుడు తన చేత్తో మా కప్పులు నిలబెట్టి టీ పోసేదాకా మేం తాగం, మాట్లాడం. బోర్లించింది నువ్వొద్దని కాదురా, నువ్వు లేనిదే మాకు టీ వద్దని!"

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా!"

"చెబితే రహస్య ఆచారం ఎలా అవుతుందయ్యా?" అని వీధంతా వినపడేలా అరిచాడు తాళాలాయన. "టీ చల్లారిపోతోంది, దిగు!"

గదిలో మేస్త్రి ఒక్కో కప్పూ నిలబెట్టాడు. కప్పు లేచినప్పుడల్లా ఓ కేకా లేచింది. అందరికీ పోశాక పెద్దాయన కెటిల్ అందుకున్నాడు. "ఇప్పుడు నీకు మేం పోస్తాం. నీది తియ్యి."

మేస్త్రి గర్వంగా డబ్బా మూత తీశాడు. కప్ప ఒక్క గెంతు గెంతి, పెద్దాయన కప్పు పక్కన కూర్చుని బెకబెకమంది. దర్జీ బెంచీ ఎక్కేశాడు.

"ఇదేంటి?"

"కప్పండీ. ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలన్నారుగా? మీవెక్కడ?"

తాళాలాయన నెత్తి కొట్టుకున్నాడు. "కప్పు అన్నాన్రా దేవుడా! ఆకురాయి గోలలో మీ ఆవిడ దగ్గరికి చేరేసరికి దాని కొమ్మూడింది!"

మేస్త్రి సగం గడ్డం దగ్గర్నుంచి అత్తగారి జల్లెడ దాకా పూసగుచ్చినట్టు చెబుతుంటే గది గొల్లుమంది. కప్పు మాత్రం లేదు, ఉన్నదల్లా చిల్లుల మూత. దాన్నే శుభ్రంగా కడిగి పెద్దాయన టీ పోశాడు. కారింది.

"కప్పుల మేస్త్రి కప్పే కారుతోందిరోయ్!"

నవ్వుతూనే నాలుగువైపుల నుంచీ చేతులు చాచి, మూత కింద వేళ్ళు అడ్డం పెట్టారు.

"కాలుతోందిరా, తొందరగా తాగు!"

"ఊదుకోనివ్వండన్నా!" అన్నాడు మేస్త్రి.