పేజీల అంచున రాసిన నోట్సు

అమెరికాలో, షాంటిలీలో కొడుకింటికి వచ్చిన మూడో రోజే రాధారాణి లైబ్రరీలో హెస్టర్ లాంబోర్న్ నవలను పట్టేసింది. తెనాలి కాలేజీలో ముప్పై ఏళ్లు ఇంగ్లీషు పాఠాలు చెప్పిన మనిషి, ఊరుకుంటుందా? మూడు వందల ఏళ్ల కిందట ఇంగ్లండులో నవలలు రాసి పొట్టపోసుకున్న తొలి ఆడవాళ్లలో ఆ హెస్టర్ ఒకతె. మొగుడు వదిలేస్తే ఇద్దరు పిల్లల్ని రాతతోనే సాకింది. పెద్దమనుషులు ఆవిణ్ణి నోటికొచ్చినట్టు తిట్టారు, పోయాక శుభ్రంగా మరిచిపోయారు. ఆ కౌంటీ లైబ్రరీలన్నిటికీ కలిపి ఆవిడ నవల ఒక్క కాపీ మిగిలింది.

ఎవరూ తీసుకోని పుస్తకాలను మూడేళ్లకోసారి ఏరి పారేస్తారని విన్నప్పటి నుంచి రాధారాణికి ఒకటే బెంగ. మనవరాలు అదితి కార్డు మీద తనే తీసుకునేది, ఇచ్చేసేది, మళ్లీ తీసుకునేది. ఆరు నెలలకు తను వెళ్లిపోతే ఆ పుస్తకం మొహం చూసేదెవరు? తెనాలిలో రాధారాణి మేడమ్ నోట్సు రాసిన కాపీ కోసం పిల్లలు కొట్టుకునేవాళ్లు. ఈ చుట్టుపక్కల మాత్రం తెలుగు పిల్లలకు కొదవా? కష్టమైన మాటకు అర్థం, హెస్టర్ ఎవర్ని దెప్పుతోందో, ఎక్కడ నవ్వాలో, అన్నీ తెలుగులో, ప్రతి పేజీ అంచునా నీలం పెన్నుతో గుండ్రంగా రాసింది. రెండు నెలలు పట్టింది, నడుము పడిపోయింది. రిటైరయ్యాక అంత సంతోషంగా ఎప్పుడూ లేదు. పూర్తిచేసి తిరిగి ఇచ్చేసింది.

ప్రయాణానికి నాలుగు రోజుల ముందు వెళ్లి చూస్తే అరలో పుస్తకం లేదు. ఎవరో తీసుకున్నారని పొంగిపోయింది. కౌంటర్‌లో అమ్మాయి కంప్యూటర్ చూసి, ఎంతో మర్యాదగా, ఎవరో పేజీల నిండా రాసి పాడుచేశారని, తీసేశామని, రీసైకిల్‌కు వెళ్లిపోయిందని చెప్పింది. ఇంకోటి తెప్పిస్తారా అని రాధారాణి అడిగింది. అడిగేవాళ్లు లేరు కాబట్టి తెప్పించరట.

కారు నడుపుతూ అదితి ఆమె మొహం చూసింది.

“నానమ్మా, ఏమైంది? బుక్ దొరకలేదా?”

“పాడైందని పారేశారమ్మా.”

“ఓ నో. ఎవరు పాడు చేశారు?”

హెస్టర్‌ను తిట్టిపోసిన పెద్దమనుషులు కూడా ఆవిడ పుస్తకాన్ని చెత్తలో వేయించలేకపోయారు. రాధారాణి కిటికీ వైపు తిరిగి చెప్పింది.

“నేనే.”

అదితి నవ్వేసింది. పుస్తకమంటే ప్రాణం పెట్టే నానమ్మ అలాంటి పని చేసిందంటే ఎవరు నమ్ముతారు? రాధారాణి మళ్లీ చెప్పబోయి, చెప్పలేక, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.