పదిహేడో కేసు

పెద్ద డాక్టర్ రామనాథం రాసిన వ్యాసానికి ఫ్రేము కట్టించి, మా ఆసుపత్రి హాల్లో చెప్పుల స్టాండు పైన తగిలించారు. ముప్పై ఎనిమిది అడవిపంది గాయాలు, వాటికి చేసిన ఆపరేషన్లు, ఎవరు బతికారు, ఎవరు పోయారు. ఎక్కడో విదేశీ పత్రికలో అచ్చయిందట. మహారాష్ట్ర చంద్రపూర్‌లో ఇంతటి పరిశోధన ఎవరూ చేయలేదని ఆయనే అందరికీ చెప్పుకున్నాడు. పాలకోవా పేడాలు పంచారు. నేనూ తిన్నాను, సిగ్గులేకుండా.

అందులో పదిహేడో కేసు విరూర్ భూమన్నది. పేరు రాయలేదు. విరూర్ రైతు, నలభై రెండేళ్లు, తొడలో కోర గాయం, ఇంటివాళ్లు బట్టతో బిగించి కట్టడం వల్ల, ఆలస్యంగా తేవడం వల్ల మరణం అని రాశాడు. అబద్ధమైనా అతికినట్టుండాలంటారు. ఈయన పట్టిక గీసి, శాతాలు వేసి మరీ అతికించాడు. ఆ రోజు క్యాజువాల్టీలో డ్యూటీ నర్సును నేనే కాబట్టి నాకు తెలుసు.

పత్తి చేలో పంది పొడిస్తే, భార్య ఎల్లమ్మ చీర కొంగు చించి తొడకు కట్టి, పుల్ల పెట్టి మెలితిప్పి, జీపులో గంటన్నరలో మా దగ్గరికి తెచ్చింది. రక్తం ఆగి ఉంది. మనిషి మాట్లాడుతున్నాడు. మా దగ్గరో పద్ధతి ఉంది. జంతువు పొడిచిన కేసు వస్తే ముందు పోలీసు ఫారం నింపాలి, గాయం పొడవూ లోతూ రాయాలి. తాను వచ్చేసరికి ఫారం సిద్ధంగా లేకపోతే రామనాథం మీద పడి కరిచినంత పని చేస్తాడు. కట్టు గాయం పై అంచును కప్పేసింది. కొలవడానికి అడ్డమని కత్తెరతో కోసేశాను. రక్తం నా ముఖాన కొట్టింది. రెండు చేతులతో అదిమిపట్టినా ఆగలేదు. రామనాథం తన సొంత క్లినిక్ నుంచి యాభై నిమిషాలకు వచ్చాడు. అప్పటికే భూమన్న పోయాడు.

ఏడాదిన్నర నోరు మూసుకున్నాను. నాకు ఉద్యోగం ముఖ్యం, ఆయనకు వ్యాసం ముఖ్యం.

రెండు నెలల కింద మరాఠీ పేపర్లో ఆయన ఫోటోతో పాటు పదిహేడో కేసు కూడా వచ్చింది. పోయిన వారం ఎల్లమ్మ ఆ పేపరు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"సిస్టరమ్మా, నేను కట్టిన కట్టుకే ఆయన పానం పోయిందా? మా మరిది సచిన్ సదివి చెప్పిండు. రెండు నెలల సంది మా అత్త నా మొకం సూస్తలేదు. మొగుణ్ణి మింగినవంటది. ఊరంత గదే అంటుంది."

"నాకేం తెల్వదు. డాక్టర్‌సాబ్‌ను అడుగు" అన్నాను.

పొద్దంతా ఆయన గది ముందు కూర్చుంది. ఆయన లోపలికి పిలవలేదు. ఆమె వెళ్లిపోయాక నేనే వెళ్లాను.

"సార్, పదిహేడో కేసు తప్పు. ఆమె మంచిగనే కట్టింది. కోసింది నేను. పత్రికోళ్లకు రాసి దిద్దియ్యున్రి."

"అచ్చయినదాన్ని దిద్దుడేంది? పిచ్చి లేసిందా నీకు?"

"అచ్చయితే నిజమైతదా?"

"ఫారం మీద సంతకం ఎవలది? నీదే. పోలీసులొస్తే నీ కాడికొస్తరు. నేనైతే ఆడ లేనే లేను."

"నేను గూడ గదే అంటున్న. ఆడ లేకుంటనే ఎట్ల రాసిన్రు?"

ఆయన లేచి నిలబడ్డాడు. "ఇగ సాలు. బయటికి నడువు. రేపటి సంది రాకు."

ఆడలేక మద్దెల ఓడన్నాడట. వేళకు రాలేనివాడు ఎల్లమ్మ కట్టులో తప్పు వెతికాడు. ఆయన్ని తిట్టుకుంటూ మర్నాడు పొద్దున్నే విరూర్ వెళ్లాను. ఆ తిట్లలో సగం నాకే తగులుతున్నాయి.

ఎల్లమ్మ వాకిట్లో ఉంది. అత్త మంచం మీద, సచిన్ గడపలో.

"ఎల్లమ్మా, నీ కట్టుకు ఆయన పోలేదు. ఆ కట్టుతోనే మా దాంక పానంతోటి వచ్చిండు. నేను దాన్ని కోసిన. గప్పుడే నెత్తురు పోయింది."

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"నీకెప్పటి సంది తెలుసు?"

"ఆ దినం సంది."

"నిన్న నేనొచ్చి అడిగిననాడు గూడ తెలుసు."

"తెలుసు."

"రెండు నెలల సంది నేను నా మొగుని కోసం ఏడ్వలే. నా చేతులు సూసుకుంట కూసున్న. ఈ చేతులతోనే సంపుకున్ననని."

నా మణికట్టు పట్టుకుని మంచం దగ్గరికి ఈడ్చింది. "మల్ల చెప్పు. గట్టిగ చెప్పు, అత్తకు చెవుడు."

గట్టిగా చెప్పాను. ముసలామె గోడవైపు తిరిగి పడుకుంది. సచిన్ ఫోన్ తీశాడు. "మరాఠీల చెప్పు. పేపరోళ్లకు పంపుత." మరాఠీలో చెప్పాను. ఎల్లమ్మ నన్ను వదల్లేదు. పక్కింటికి, ఆ పక్కింటికి, బోరింగు దగ్గర ఆడవాళ్ల ముందుకు. ప్రతిచోటా మొదటినుంచి చెప్పించింది. ఒకావిడ నా మీద ఉమ్మింది. ఎల్లమ్మ తుడుచుకోనివ్వలేదు.

నా గొంతు పోయింది. "సాలదా ఎల్లమ్మా?" అన్నాను.

"రైలు స్టేషన్ దిక్కు వాడ ఉన్నది ఇంక. ఆడ గూడ నన్నే అంటున్నరు" అంది. "నడువు."